ఇరుక్కున్న కాగితం

పదహారోసారి కూడా కంప్యూటర్ తెర మీద అదే మాట వచ్చింది. ప్రింటర్ దొరికే వరకు ఎదురుచూస్తున్నాను.

"ఎదురుగనే ఉంది కదరా!" షాకేరా అరచేత్తో బల్ల మీద కొట్టింది. "మూరెడు దూరం లేదు. వైరు పెట్టిన. కరెంటు ఇచ్చిన. ఇంకెక్కడ దొరకాలె నీకు, భద్రాద్రి గుట్ట మీదనా?"

ప్రింటర్ పచ్చదీపం వెలిగించుకుని, ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు కూర్చుంది.

టైం పదకొండు పది. సభ మూడింటికి.

తెల్లారి మొదటి బస్సుకు ఖమ్మంలో ఎక్కి, బూర్గంపాడులో దిగి, ఆటో పట్టుకుని అడవి అంచు పల్లె జీలుగువాగు గుంపు చేరేసరికి తొమ్మిదిన్నర అయింది ఆమెకు. నలభై రెండేళ్ల మనిషి. ఖమ్మంలో ఆమె డిటెక్టివ్ బోర్డు చూసి నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. పని పడితే వాళ్లే ముఖానికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని మెట్లెక్కుతారు. ఈ గుంపు పెద్దమనిషి దూలయ్య మాత్రం ఏ అడ్డమూ పెట్టుకోలేదు. నిన్న నేరుగా వచ్చి, "మా కోడలుపిల్ల తప్పు చెయ్యలేదమ్మా, అది నువ్వు తేల్చాలె" అని చెప్పి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. కోడలుపిల్ల అంటే ఆయన చెల్లెలి కూతురు సుజాత.

కేసు చిన్నదే. చుట్టుకున్నది నలభై కుటుంబాలను. గుట్ట వాలులో అడవి కొట్టి వాళ్లు దున్నుకునే పోడు భూమిని రాతి క్వారీకి ఇవ్వడానికి ఊరంతా ఒప్పుకుందని ఒక తీర్మానం కాగితం బయటికొచ్చింది. దాని మీద ఆగస్టు పన్నెండు అని తేదీ. కింద వేలిముద్రలు అసలువే. పోయినేడాది వరద బియ్యం ఇస్తామంటే తెల్ల కాగితాల మీద వేసినవి. ఆ కాగితాలు పెట్టింది అటవీ ఉత్పత్తుల సంఘం ఆఫీసు బీరువాలో. పైన అక్షరాలు అచ్చయింది కూడా ఆ ఆఫీసులో, ఇప్పుడు షాకేరా ముందున్న ప్రింటర్ మీదేనని క్వారీ వాళ్ల మాట. ఆ ప్రింటర్ నడిపేది ఒక్క సుజాతే. ఈ రోజు ఇరవై తొమ్మిది. మూడింటికి రెవెన్యూ అధికారి ముందు సభలో ఆ కాగితం నిలబడితే భూమి పోతుంది, సుజాతను ఊరు వెలేస్తుంది. వెలి అప్పుడే మొదలైంది కూడా. పొద్దున బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు తీసుకుని పక్కకు జరగడం షాకేరా కళ్లారా చూసింది.

"మళ్లీ మొదటి నుంచి చెప్పు బిడ్డా. చివరిసారి ఇది ఎప్పుడు పనిచేసింది?"

సుజాత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. కళ్ల కింద నిద్ర లేని నలుపు. "ఏడో తారీఖు అక్కా. తునికాకు లిస్టు తీసిన. ఎనిమిది నుంచి పదమూడు దాకా వాగు పొంగింది, ఆఫీసుకు తాళం. పద్నాలుగున తెరిచిన. పొద్దంతా బురద కడుగుడే సరిపోయింది. రెండున్నరకు ఒక కాగితం ఇస్తే రాలేదు. అప్పటి నుంచి ఒక్కటి రాలేదు."

"మధ్యాహ్నం తిండికి?"

"ఒంటిగంటకు తాళం వేసి ఇంటికి పోత. రెండింటికి వస్త. ఆ రోజు కూడా అంతే."

"ఎన్నిసార్లు ఇచ్చినవ్?"

సుజాత సొరుగులోంచి నోట్‌బుక్ తీసింది. "ఎనిమిది. ఎప్పుడెప్పుడు ఇచ్చిన్నో రాసిన. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే, మీ కంప్యూటర్ల ఉన్నది ఫ్రీగ వచ్చే లినక్స్, అది అంతే, ఆపి మళ్లీ వెయ్యి అన్నరు."

షాకేరా నోట్‌బుక్ చూసి తలూపింది. ఆపి మళ్లీ వేయడం ఆమె కూడా నాలుగుసార్లు చేసింది. వైరు మార్చింది. వైరు దూర్చే చోటు మార్చింది. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. అనుమతులు చూసింది, సరిగ్గానే ఉన్నాయి. ప్రింటింగ్ సర్వీసును పడుకోబెట్టి లేపింది. అది లేచి ఒళ్లు విరుచుకుని అదే మాట అంది. ఎదురుచూస్తున్నాను.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి సంఘం సెక్రటరీ గణేష్ బావ దగ్గర."

గణేష్ అప్పుడే టీ గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, నవ్వు ముఖం. షాకేరా అడగడమే ఆలస్యం, చొక్కా అంచు ఎత్తి నడుముకు కట్టిన తాళంచెవి చూపించాడు.

"ఇగో మేడం. స్నానానికి కూడా ఇప్ప. మొలతాడు తెగితే తప్ప నన్ను ఇడిచి పోదు. ఇప్పటిదాకా పరాయి చెయ్యి పడలేదు దీని మీద."

"ఈ కంప్యూటర్ మీద మీ చెయ్యి ఎప్పుడన్న పడిందా?"

"అయ్యో, నాకు అది చూస్తేనే దడ. మీటలు ముట్టుకుంటే ఏడ పేలుతదో అని భయం. అన్నీ సుజాతే చూసుకుంటది." సుజాత వైపు చూసి నిట్టూర్చాడు. "మంచి పిల్ల. ఎవలన్న బెదిరిచ్చిన్రో ఏమో."

"నన్నెవ్వరూ బెదిరియ్యలే బావా," అంది సుజాత. "నేను చెయ్యనే లేదు."

బయట జీపు ఆగింది. షాకేరా తల ఎత్తకుండానే, "వచ్చిండు," అంది.

తిరుపతి గుమ్మంలో నిలబడి నల్లద్దాలు తీశాడు. కొత్తగూడెంలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి, ఉద్యోగం వదిలి సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచినవాడు. ఇప్పుడు క్వారీ వాళ్ల తరఫు. రెండేళ్ల కింద మధిర కేసులో షాకేరా చేతిలో ఓడిపోయిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

"షాకేరా మేడం! దుకాణం మార్చిన్రా? ప్రింటర్ రిపేరు పెట్టినట్టుంది."

"రిపేరు మా ఇంటి విద్యనే తిరుపతి సార్. మా అబ్బా కోర్టు ముందల ముప్పై ఏళ్లు టైపు మిషన్లు బాగుచేసిండు. మీలెక్క లాఠీతోటి కాదు, స్క్రూడ్రైవర్‌తోటి."

"అయితే ఇది చూడున్రి." తిరుపతి ప్రింటర్ ముందు భాగంలో ఉన్న మీటను అయిదు లెక్కపెట్టేంతసేపు నొక్కి పట్టుకున్నాడు. మిషన్ గుర్రుమంది. కంప్యూటర్‌తో పని లేకుండా, తన సంగతులు తానే చెప్పుకునే కాగితం ఒకటి బయటికి తోసింది. తిరుపతి జేబులోంచి చిన్న స్కేలు తీసి దాని మీద పెట్టాడు. "ఎడమ అంచుకు నల్లచుక్క. ఏడున్నర సెంటీమీటర్లకు ఇంకొకటి. మళ్లీ ఏడున్నరకు ఇంకొకటి. లోపల తిరిగే డ్రమ్ము మీద గీత పడ్డది. తిరిగినప్పుడల్లా చుక్క పెడతది." ఫైలులోంచి తీర్మానం జిరాక్సు తీసి పక్కన పెట్టాడు. అవే చుక్కలు. అదే దూరం. "ఇంక మీకేం కావాలె?"

షాకేరా చూసింది. మాట నిజం. సొరుగులోంచి పాత లిస్టు ఒకటి తీసి పక్కన పెట్టింది.

"ఏడో తారీఖు తునికాకు లిస్టు మీద చుక్కలు లేవు," అంది.

"ఏడు తర్వాత గీత పడ్డది. పన్నెండున ఈమె వాగు దాటొచ్చి తీర్మానం కొట్టింది. తర్వాత పాడైందని నాటకం. నేను మీట నొక్కితే పనిచేస్తది, ఈమె నొక్కితే పనిచెయ్యదు. ఏం మిషనమ్మా ఇది, మనిషిని బట్టి మారుతదా?"

"నేను నొక్కితే కూడా పనిచేస్తలేదు సార్. పొద్దటి సంది నొక్కుతున్న."

"లినక్స్ కదా మేడం. ఊరికే వచ్చింది ఊరికే పోతది. మొత్తం తుడిచేసి మంచిది ఎక్కిస్తే అయిపోతది." ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "రెండింటికి ఈ సామాను నాకు అప్పజెప్పాలని రెవెన్యూ సార్ ఉత్తర్వు. అందాక ఆడుకోండి."

తెర మీద వరుసలో ఆగిపోయిన పనులు పదకొండు అని చూపిస్తోంది. తిరుపతి వంగి చూసి, "ముందు ఈ చెత్త తీసేయండి, అదే దారికొస్తది," అన్నాడు. నిజానికి ఎవరైనా మొదట చేసేది అదే. షాకేరా వేలు కూడా ఆ మీట దాకా పోయింది. విసుగు అంతగా ఉంది. కానీ వేలు వెనక్కి తీసుకుంది.

తండ్రి, ఆమె అబ్బా, ఎప్పుడూ చెప్పే మాట అది. ఇరుక్కున్న కాగితాన్ని చదవకుండా పారెయ్యొద్దు బేటీ. మిషన్ ఏడ మొరాయించిందో ఆ కాగితమే చెప్తది.

"ఉండనీ," అంది.

పన్నెండు నలభైకి గణేష్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వచ్చాడు. "రెవెన్యూ సార్ బూర్గంపాడుల ఉన్నడట. సుజాత సభకు ముందే వచ్చి స్టేట్‌మెంట్ రాసిస్తే దానికే మంచిదట. బండి మీద తీస్కపోయి రెండున్నర వరకు తెస్త మేడం."

సుజాత షాకేరా వైపు చూసింది. "అక్కా, పోవాల్నా?"

ఆ క్షణంలో ప్రింటర్ పచ్చదీపం ఒక్కసారి మినుకుమంది. షాకేరా కన్ను అటే పోయింది. దారికొచ్చిందా? లేదు. మళ్లీ అదే మాట. ఎదురుచూస్తున్నాను. తిక్క నషాళానికి అంటింది.

"పో బిడ్డా. పో, జల్దీ రా," అంది, తల తిప్పకుండానే.

బండి చప్పుడు దూరమైంది. దూలయ్య గడప మీద కూర్చుని చుట్ట వెలిగించకుండా చేతిలో తిప్పుతున్నాడు. తిరుపతి జీపులో అన్నం డబ్బా తెరుచుకున్నాడు.

షాకేరా ఇంకో అరగంట పోరాడింది. చివరికి ప్రింటర్‌ను రెండు చేతులా పట్టుకుని, వైరు దూర్చే చోట తుప్పు ఏమైనా ఉందా అని వెనక్కి తిప్పింది. అప్పుడు కనిపించింది. మూతకూ ఒంటికీ మధ్య సందులో, వేలు పోని చోట, ఎండిపోయిన ఎర్రటి పొడి. కింద కొంచెం పసుపు.

"పెద్దయ్యా, ఇటు రా. దీనికి బొట్టెవరు పెట్టిన్రు?"

దూలయ్య లేచొచ్చి కళ్లు చికిలించి చూశాడు. "బొట్టా? మేం పెట్టలే."

"దసరాకు పనిముట్లకు పెడతరు కదా. కాటాకు పెట్టిన్రు, నేను పొద్దున చూసిన."

"కాటా పాతది. అది మూడు దసరాలు చూసింది. ఈ మిషన్ను పోయిన కార్తీకంల తెచ్చినం, దసరా అయిపోయినంక. మళ్ల దసరా రానేలేదు కదమ్మా. దీనికి బొట్టు ఏడికెల్లి వస్తది?"

 షాకేరాకు చేతిలో ప్రింటర్ బరువు ఒక్కసారిగా మారినట్టనిపించింది.

దాన్ని బోర్లా పెట్టి అడుగున అంటించిన చీటీ చూసింది. కంపెనీ వేసిన నంబరు. చివరి మూడు అంకెలు 862. బల్ల దగ్గరికి వచ్చి, కంప్యూటర్‌ను ఈసారి వేరే ప్రశ్న అడిగింది. ప్రింటర్ ఏమైంది అని కాదు. నువ్వు ఎదురుచూస్తున్నది ఎవరి కోసం అని. జవాబుగా ఒక పొడుగాటి చిరునామా వచ్చింది. మొదట ప్రింటర్ పేరు, చివర నంబరు. ఆ నంబరు 417తో ముగిసింది.

"యా అల్లా," అంది మెల్లగా. "ఈ కంప్యూటర్ చెడిపోలేదు. ఇది నిజం చెప్తున్నది. పొద్దటి సంది నిజమే చెప్తున్నది, నేనే తిట్టిన దీన్ని."

"ఏందమ్మా?"

"పెద్దయ్యా, మీ ఇంటికి పరాయి మనిషి నీ తమ్ముడి అంగీ తొడుక్కుని వస్తే, కుక్క ఊకుంటదా? ఇది కూడా ఊకోలేదు. మొదటి రోజు నుంచి దీనికి తెలిసిన ప్రింటర్ 417. ఎవరో దాన్ని ఎత్తుకుపోయి, అదే రంగుది, అదే కంపెనీది, ఇంకొకటి తెచ్చి పెట్టిన్రు. మనిషికి తేడా తెల్వలేదు. దీనికి తెలిసింది. వచ్చినోణ్ని ఒప్పుకోకుండ పోయినోని కోసం కూసుంది."

ఆ మాటకు తిరుపతి గుమ్మంలోకి వచ్చాడు, చేతికి ఇంకా పెరుగన్నం. "అంకెలదేముంది మేడం. ఆపరేటర్ పిల్ల మార్చి ఉంటది."

"పొద్దున మీరు తీసిన కాగితం ఇవ్వండి."

"ఏ కాగితం?"

"మీట నొక్కి తీసిన్రు కదా. చుక్కల కాగితం. మీ సాక్ష్యం."

తిరుపతి ఎడమచేత్తో ఫైలు తీసి ఇచ్చాడు. షాకేరా అందులో చుక్కలు చూడలేదు. మధ్యలో చిన్న అక్షరాల వరుస మీద వేలు పెట్టింది. "చదవండి. నంబరు 862. దాని కింద, ఇప్పటిదాకా ఈ మిషన్ కొట్టిన పేజీలు. ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు. పెద్దయ్యా, సంఘం వాళ్లు కార్తీకం నుంచి ఎన్ని కట్టల కాగితం వాడిన్రు?"

"నాలుగు. అయిదోది సగముంది."

"కట్టకు అయిదొందలు. సార్, రెండు వేల పైచిలుకు కాగితాలు కొట్టిన ఆఫీసులో ముప్పై ఎనిమిది వేలు కొట్టిన మిషన్ ఏం చేస్తున్నది? మీరు స్కేలు పెట్టి కొలిచిన్రు. చదవలేదు."

 తిరుపతి కళ్లు ప్రింటర్ వెనక సందులో ఎర్రటి పొడి మీద ఆగిపోయాయి. వంగి దగ్గరగా చూశాడు.

"పోయిన దసరాకు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి, "క్వారీ సైటాఫీసులో పూజ చేయించిన్రు. అన్ని మిషన్లకు బొట్లు పెట్టిన్రు. పళ్లెం పట్టుకున్నది నేనే."

 బయట జీపు మీద కాకి అరిచింది.

"నాకు తెల్వదు మేడం. కాగితం చూసి చెప్పమన్నరు. చూసి చెప్పిన."

"తెల్వదనే అనుకుంటున్న. తెలిస్తే ఆ మీట నొక్కి మీ నోటితోటే నాకు సాక్ష్యం ఇయ్యరు. తీర్మానం క్వారీ ఆఫీసుల కొట్టి, తర్వాత ఆ మిషన్నే ఇక్కడ తెచ్చి పెట్టిన్రు." షాకేరా అప్పుడే మళ్లీ తెర వైపు తిరిగింది. ఇంకో లెక్క కుదరడం లేదు. సుజాత నోట్‌బుక్‌లో ఎనిమిది. వరుసలో పదకొండు. తను పొద్దుటి నుంచి కొత్త కాగితం ఒక్కటీ పంపలేదు, ఆగినవాటినే మళ్లీ మళ్లీ తోసింది. మరి మూడు ఎక్కువెందుకు?

టైములు తీయించింది. సుజాత మొదటిది పద్నాలుగో తారీఖు రెండు ముప్పై నాలుగు. దానికి ముందు మూడున్నాయి. అదే రోజు. ఒకటి ఇరవై రెండు. ఒకటి ఇరవై అయిదు. ఒకటి ముప్పై ఒకటి.

"ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఆఫీసుకు తాళం," అంది షాకేరా. "ప్రింటర్ మార్చినోడు, కంప్యూటర్ దీన్ని ఒప్పుకుంటదో లేదో చూసుకున్నడు. ఏదో కాగితం ఇచ్చిండు. రాలేదు. మళ్ల ఇచ్చిండు. మూడుసార్లు. నాలెక్కనే తిక్కలేసి ఉంటది. గాలిలో కలిసిపోయిందనుకుని పోయిండు."

"పాస్‌వర్డ్?" అడిగాడు తిరుపతి, పాత పోలీసు గొంతుతో.

ఆమె గోడ మీది క్యాలెండర్ చూపించింది. మూలన పెన్సిల్‌తో రాసి ఉంది. ఇలాంటి ఆఫీసుల్లో ఎక్కడైనా అక్కడే ఉంటుంది.

"ఆ మూడు ఏం కాగితాలు?"

"అడుగుదాం." పాత చిరునామా చెరిపి 862 నంబరు ఉన్న కొత్త చిరునామా టైపు చేసింది. ఎదురుచూడకు, ఇదే నీ ప్రింటర్ అనుకో. మీట నొక్కింది.

రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత మిషన్ గుర్రుమంది. పొద్దుటి నుంచి ఆ చప్పుడు కోసం తపించిన షాకేరా ఇప్పుడు అది విని వెనక్కి జరిగింది.

ఒక కాగితం వచ్చింది. ఎడమ అంచుకు నల్లచుక్కలు. వెనకే రెండోది. వెనకే మూడోది. మూడింట్లోనూ ఒకటే రాత.

షాకేరా మొదటిది ఎత్తి చదివింది.  దూలయ్యకు చదువు రాదు. ఆమె ముఖం చూస్తున్నాడు.

"పైకి చదువమ్మా."

"తీర్మానం కాగితం నేనే తయారు చేసిన. మా మామకు, ఊరికి ముఖం చూపించలేక పోతున్న. నన్ను ఎవరూ వెతకొద్దు. సుజాత."

కింద తేదీ ఉంది. ఇరవై తొమ్మిది, ఆగస్టు. ఈ రోజు. పదిహేను రోజుల కిందే రాసి పెట్టిన ఈ రోజు.

"సంతకం లేదు," అన్నాడు తిరుపతి. కానీ అతని చెయ్యి అప్పుడే జేబులో జీపు తాళం వెతుకుతోంది.

తాళం. షాకేరా చెవిలో గణేష్ పొద్దుటి మాట మోగింది. మొలతాడు తెగితే తప్ప నన్ను ఇడిచి పోదు. ఇప్పటిదాకా పరాయి చెయ్యి పడలేదు. అడగడమే ఆలస్యం, చొక్కా ఎత్తి మరీ చూపించాడు. సుజాత తాళంచెవి ఆ గంటసేపు ఆమె ఇంట్లో, అన్నం పళ్లెం పక్కన ఉంది. ఇంక మిగిలింది ఒక్కటే.

సుజాతకు ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. గణేష్‌కు చేసింది. మోగింది. మోగి ఆగింది.

సుజాతను తన నోటితోనే పంపింది. తల కూడా తిప్పకుండా.

"పెద్దయ్యా, వాళ్లు పోయినప్పుడు నువ్వు గడప మీదనే ఉన్నవ్. బండి బూర్గంపాడు రోడ్డే ఎక్కింది కదా? ఎడమకే తిరిగింది కదా?"

దూలయ్య చేతిలో చుట్ట ముక్కలైంది.

"కుడికి తిరిగిందమ్మా. దుకాణంల సీసా పెట్రోలు పోయిస్తడేమో అనుకున్న." ఆయన గుమ్మం వైపు నడుస్తున్నాడు. "దుకాణం దాటితే ఇంక రోడ్డు లేదు. వాగే."